బ్యాకప్‌గా ఐదు తీగల బేస్ గిటార్‌ను ఎంచుకోవడం ఎలా?

బ్యాకప్ బేస్ కొంటున్నామనుకునేవారిలో చాలామంది నిజానికి కొనేది బ్యాకప్‌ను కాదు, తమ మొదటి బేస్‌లో లేని రంగో, లేని ధ్వనో ఉన్న మరో బేస్‌ను. ఆ సరదాను తప్పుపట్టనవసరం లేదు. అయితే సరదాకు కొన్నదానికి బ్యాకప్ అని పేరు పెట్టి, దాని మీద భరోసాతో వేదిక ఎక్కితే మాత్రం చిక్కులో పడతాము. కారు డిక్కీలో ఉండే స్టెప్నీని అందం చూసి ఎవరూ కొనరు. మిగతా నాలుగు చక్రాల కొలతకు సరిపోతుందా లేదా అన్నదే చూస్తారు. ఇక్కడా వేసుకోవలసిన ప్రశ్న అలాంటిదే: పాటకూ పాటకూ మధ్య ఒక బేస్‌ను దించి మరొకటి తగిలించుకుంటే, ఆ మార్పు నా చేతికి ఎంత తక్కువగా తెలుస్తుంది? ఐదు తీగల బేస్ విషయంలో ఈ ప్రశ్నకు మరింత బలం ఉంది. నాలుగు తీగల బేస్‌ల కొలతలు చాలాకాలం కిందటే దాదాపు ఒక ఒరవడిలో స్థిరపడిపోగా, ఐదు తీగలవాటిని ఇప్పటికీ ఒక్కో తయారీదారు ఒక్కో కొలతతో చేస్తున్నారు.

నాకు ఈ సంగతి తెలిసివచ్చింది ఒక కచేరీ మధ్యలో. మొదటి బేస్‌లోని బ్యాటరీ అయిపోవస్తున్నదని గమనించలేదు. గట్టిగా మీటిన స్వరాలు ముందు పగిలినట్లు వినిపించాయి, ఆ తరువాత శబ్దమంతా పలచబడిపోయింది. వెనుక స్టాండు మీద ఉన్న రెండో బేస్‌ను అందుకుని తరువాతి పాట మొదలుపెట్టాను. అది శ్రుతిలోనే ఉంది, చక్కగా మోగుతూనే ఉంది, కాని నా కుడిచేతి వేళ్లు ఒక తీగకు పోబోతే మరొకటి మోగింది. మొదటి బేస్‌లో బ్రిడ్జ్ దగ్గర, అంటే బాడీ మీద తీగలు ఆనే చోట, తీగకూ తీగకూ మధ్య ఎడం 19 మిల్లీమీటర్లు, రెండోదానిలో 16.5. తేడా రెండున్నర మిల్లీమీటర్లే కదా అని కొన్ననాడు తేలిగ్గా తీసుకున్నాను. కాని ఐదు తీగలు లావుదాని నుంచి సన్నదానికి బి, ఇ, ఎ, డి, జి అనే వరుసలో ఉంటాయి గనుక, బి తీగ మీద ఉన్న వేలు డి తీగకు వెళ్లాలంటే మూడు ఎడాలు దాటాలి. మొదటి బేస్ మీద ఆ దూరం 57 మిల్లీమీటర్లు, రెండోదాని మీద 49.5. మనం మీటే చోటు బ్రిడ్జ్‌కు కాస్త ముందుంటుంది గనుక అసలు తేడా దీనికంటే కొద్దిగా తగ్గినా, అలవాటు చొప్పున వెళ్లిన వేలు దాదాపు రెండు తీగల నడిమి సందులోనే పడుతుంది. మూడో పాటకు గాని చేయి కుదుటపడలేదు.

కాబట్టి దుకాణానికి వెళ్లకముందే చేయవలసిన మొదటి పని, ఇంట్లో ఉన్న మొదటి బేస్‌ను కొలిచి కాగితం మీద రాసుకోవడం. ఒక స్టీలు స్కేలు చాలు. బ్రిడ్జ్ దగ్గర బి తీగ నడిమి నుంచి జి తీగ నడిమి వరకు కొలిచి నాలుగుతో భాగిస్తే తీగల ఎడం వస్తుంది. మార్కెట్‌లో ఇది 16.5 నుంచి 19 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే 5 వంటివి 17.5తో నడిమధ్యన నిలుస్తాయి. పొడవాటి మెడ (నెక్) పైచివర తీగలు ఆనే పట్టీని నట్ అనీ, నెక్ మీది అడ్డ కడ్డీలను ఫ్రెట్లు అనీ అంటారు; నట్ నుంచి 12వ ఫ్రెట్ వరకు కొలిచి రెట్టింపు చేస్తే స్కేల్ పొడవు, అంటే తీగ మోగే భాగం పొడవు, తెలుస్తుంది. నట్ వెడల్పును, 12వ ఫ్రెట్ దగ్గర బి తీగకూ జి తీగకూ ఉన్న ఎత్తును, వాడుతున్న తీగల మందాన్ని కూడా రాసుకోండి. బరువుకు, మీరు ఎక్కే తూకం యంత్రం మీద బేస్‌తో ఒకసారి, బేస్ లేకుండా ఒకసారి నిలబడి తేడా చూసుకుంటే సరిపోతుంది. ఈ ఏడెనిమిది అంకెలు జేబులో ఉంటే, దుకాణంలో అమ్మకందారు ఎంత ఊరించినా చూపు చెదరదు.

అన్ని కొలతలకూ ఒకే ప్రాముఖ్యం ఇవ్వనక్కరలేదు. నా అనుభవంలో చేయి అన్నిటికంటే తక్కువగా క్షమించేది తీగల ఎడంలోని తేడాను. అది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే సర్దుకుపోవచ్చు, రెండు దాటితే ఆ బేస్‌ను వదిలేయడమే మంచిది. స్కేల్ పొడవులో ఒక అంగుళం తేడా వినడానికి పెద్దదిగా ఉన్నా చేతికి అంత పెద్దది కాదు. 34 అంగుళాల బేస్‌లో నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కు సుమారు 48.5 మిల్లీమీటర్లు ఉంటే, 35 అంగుళాల బేస్‌లో సుమారు 50 ఉంటాయి. అయిదో ఫ్రెట్ దగ్గరకు వచ్చేసరికి నట్ నుంచి తేడా ఆరు మిల్లీమీటర్లకు పైబడుతుంది గాని, ఎడమచేతిని కన్ను ఒక ఓరచూపుతో సరిదిద్దగలదు. కుడిచేతికి ఆ సాయం ఉండదు, ఎందుకంటే వాయించేటప్పుడు ఎవరూ కుడిచేతి వైపు చూడరు. ఫ్రెట్లు ఏటవాలుగా విసనకర్రలా విచ్చుకుని ఉండే మల్టీ స్కేల్ బేస్‌ల సంగతి వేరు. డింగ్‌వాల్ కంపెనీ ఐదు తీగల బేస్‌లలో చాలావాటికి బి తీగకు 37 అంగుళాలు, జి తీగకు 34 అంగుళాలు ఉంటాయి. వాటి బి తీగ స్పష్టతకు పేరుపడింది. అయినా మొదటి బేస్ మామూలు ఫ్రెట్లది అయినప్పుడు బ్యాకప్‌గా దాన్ని తేవడం సబబు కాదు. మొదటిదే మల్టీ స్కేల్ అయితే, బ్యాకప్ కూడా అదే కోవకు చెందినది వెతకవలసిందే.

ఇక ఐదు తీగల బేస్‌కు ప్రాణం బి తీగ. దీని దగ్గర ఎంతసేపు ఆగినా వృథా కాదు. శ్రుతి చేసిన బి తీగ సెకనుకు సుమారు 31 సార్లు కంపిస్తుంది, పక్కనున్న ఇ తీగ 41 సార్లు. బేస్ యాంప్‌లతో వాడే స్పీకర్లలో చాలావాటికి 40 హెర్ట్జ్‌కు దిగువన బలం త్వరత్వరగా సన్నగిల్లుతుంది గనుక, మనం బి తీగ నాదంగా వింటున్నది చాలావరకు దాని పై హార్మోనిక్‌లనే, అంటే మూల కంపనానికి రెండు, మూడు రెట్లుగా 62, 93 హెర్ట్జ్ ప్రాంతంలో ఉన్నవాటిని. మంచి బి తీగ అంటే ఎక్కువ గుమ్మనేది కాదు, ఈ హార్మోనిక్‌లు తేటగా పలికి స్వరం ఇదని చెవికి చెప్పగలిగేది. అవి లోపించిన బి తీగ ముద్దగా మోగుతుంది. డ్రమ్ములతో కలిస్తే ఏ స్వరం పలికిందో పక్కనున్నవారికి కూడా తెలియదు. పొడవైన స్కేల్ ఇందుకు కొంత తోడ్పడుతుంది. ఒకే తీగను ఒకే శ్రుతిలో నిలపాలంటే బిగువు పొడవు వర్గానికి అనుపాతంలో పెరగాలి, కాబట్టి 34 నుంచి 35 అంగుళాలకు వెళితే బిగువు సుమారు ఆరు శాతం పెరుగుతుంది. ఆరు శాతం మేలే గాని మహిమ కాదు. నెక్ గట్టిదనం, అది బాడీకి సందు లేకుండా అతుక్కున్న తీరు, నట్ గాడి కోత, అన్నిటినీ మించి ఆ తీగ ఎంత పాతది అన్నది కలిసి బి తీగ మంచిచెడ్డలను తేలుస్తాయి. 35 అంగుళాలవన్నీ మంచివి, 34 అంగుళాలవన్నీ వదులువి అనే మాటను నమ్మి కొనకండి.

పరీక్షించేటప్పుడు ముందుగా యాంప్ పెట్టకండి. నిశ్శబ్దంగా ఉన్న మూలన కూర్చుని, బాడీ పైకొమ్ముకు చెవి ఆనించి, బి తీగను మధ్యస్థమైన బలంతో మీటి పూర్తిగా ఆగేదాకా వినండి. ఆ తరువాత బి తీగను అయిదో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే వచ్చే ఇ స్వరాన్నీ, నొక్కకుండా మీటిన ఇ తీగనూ ఒకదాని వెంట ఒకటి వినండి. రెండూ ఒకే స్వరం. ఎంత మంచి బేస్‌లోనైనా వాటి ధ్వని రంగు కొంచెం తేడాగానే ఉంటుంది, కాని ఒకదాని నుంచి మరొకదానికి మారేటప్పుడు వేరే వాయిద్యం అందుకున్నట్లు వినిపిస్తే, పాటలోనూ అలాగే వినిపిస్తుంది. ఇప్పుడు ట్యూనర్ తగిలించి బి తీగను గట్టిగా మీటండి. ముల్లు ముందు శ్రుతికి పైకి లేచి, క్షణంలో దిగి నిలబడాలి. చాలాసేపు పైన తిరిగి మెల్లగా దిగుతుంటే, ఆ బేస్ మీద ఆ మందం తీగ చాలినంత బిగువుగా లేదని అర్థం. 12వ ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే హార్మోనిక్‌ను, అదే చోట నొక్కిన స్వరాన్ని పోల్చి చూసి, తేడా ఉంటే బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న దిమ్మను, అంటే శాడిల్‌ను, జరపడానికి ఇంకా జాగా మిగిలి ఉందో లేదో గమనించండి. బి తీగ శాడిల్ అప్పటికే చిట్టచివరకు జరిగిపోయి ఉంటే, మరో మందం తీగ వేసిన రోజున శ్రుతి కుదరదు. వీటన్నిటి తరువాతనే యాంప్ పెట్టి, బేస్, ట్రెబుల్ మీటలన్నిటినీ నడిమిలో ఉంచి వాయించండి. దుకాణం యాంప్‌లో బేస్ మీటను పూర్తిగా తిప్పేసి ఉంచడం ఒక పాత ఎత్తు. అప్పుడు ప్రతి బి తీగా బ్రహ్మాండంగానే వినిపిస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. దుకాణంలో నెలల తరబడి వేలాడిన బేస్ మీది తీగలు చచ్చిపోయి ఉంటాయి, పాత బి తీగ అన్నిటికంటే ముందు చచ్చిపోతుంది. మిగతా అన్ని కొలతలూ సరిపోయి బి తీగ ఒక్కటే మందకొడిగా ఉంటే, 0.130 అంగుళాల కొత్త బి తీగ ఒకటి వెంట తీసుకెళ్లి, వేసి చూడనిస్తారేమో అడగండి. ఒక తీగ ఖర్చుతో మంచి బేస్‌ను పోగొట్టుకోకుండా ఉండవచ్చు.

ఐదు తీగలు అన్నంత మాత్రాన అయిదోది కింది బి తీగే అయివుంటుందని కూడా అనుకోకూడదు. 1965లో ఫెండర్ తెచ్చిన బేస్ ఫైవ్‌లో అదనపు తీగ మంద్ర స్థాయి వైపు కాక పైవైపు, సి స్వరానికి ఉండేది; దానికి ఫ్రెట్లు 15 మాత్రమే. ఇప్పటికీ కొందరు తమ ఐదు తీగల బేస్‌ను ఇ, ఎ, డి, జి, సి అని శ్రుతి చేసుకుంటారు. అటువంటి బేస్ మీ చేతికి వస్తే, సన్నటి తీగల కోసం కోసిన నట్ గాళ్లలో 3.3 మిల్లీమీటర్ల మందం ఉన్న బి తీగ కూర్చోదు. కొత్త నట్ వేయించే ఖర్చును బేరంలోనే కలుపుకోండి.

బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్న యాక్టివా, అది లేని పాసివా అన్నచోట నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మొదటి బేస్ యాక్టివ్ అయితే బ్యాకప్ పాసివ్ అయినా కావాలి, లేదా బ్యాటరీ లేకుండా పనిచేసేలా పాసివ్‌కు మార్చే స్విచ్ అయినా దానికి ఉండాలి. యాక్టివ్ బేస్‌లలో సాధారణంగా కేబుల్‌ను జాక్‌లో గుచ్చగానే బ్యాటరీ పని మొదలవుతుంది. కేబుల్ తీయడం మరిచిపోతే వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. మొదటిదానికి వచ్చే ఆపదే రెండోదానికీ వచ్చేటట్లయితే రెండోది ఉండి లాభమేమిటి? పైగా నెలకొకసారి మాత్రమే పెట్టెలోంచి బయటకు వచ్చే బేస్‌లో బ్యాటరీ ఎప్పుడు వేశామో గుర్తుండదు, పాతబడిన బ్యాటరీ కారి లోపలి వైర్లను తినేయవచ్చు కూడా. యాక్టివ్ బేసే తీసుకోక తప్పకపోతే, బ్యాటరీ పెట్టెను స్క్రూడ్రైవర్ లేకుండా వేలితో తెరవగలిగేది చూసుకోండి.

ధ్వని విషయంలో రెండు బేస్‌లూ కవలలు కానక్కరలేదు. తీగల కంపనాన్ని పట్టే పికప్‌లు వేరైనా, చెక్క వేరైనా పాట వినేవారికి పెద్దగా పట్టదు. శబ్దం స్థాయి ఉన్నట్లుండి పెరిగినా తగ్గినా మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. అందుకని కొనేముందు రెండో బేస్ మీ మొదటి బేస్‌తో స్థాయిలో కలుస్తుందా, కలపడానికి వీలుందా అని చూడాలి. వీలైతే మొదటి బేస్‌ను దుకాణానికి వెంట తీసుకెళ్లండి. ఒకే యాంప్‌లో, ఏ మీటా కదపకుండా, ఒకే నాలుగు మాత్రల ముక్కను రెండిటి మీదా వాయించి ఫోనులో రికార్డు చేస్తే సంగతి తేలిపోతుంది. తేడా ఉన్నప్పుడు తక్కువ మోగేదాన్ని పెంచాలని చూడకండి, ఎక్కువ మోగేదాని వాల్యూమును తగ్గించండి. పెంచుకుంటూ పోతే కంప్రెసర్ పెడల్ అతిగా నొక్కేయడమో, యాంప్ ఇన్‌పుట్‌లో శబ్దం పగలడమో జరుగుతుంది. యాక్టివ్ బేస్‌ల శబ్దం చాలాసార్లు పాసివ్ బేస్‌ల కంటే గట్టిగా ఉంటుంది కాబట్టి, సాధారణంగా మొదటి బేస్ వాల్యూమునే కొద్దిగా కిందికి తిప్పి పెట్టుకోవలసి వస్తుంది. నేను ఆ చోటు గుర్తుకు వాల్యూమ్ మీట పక్కన ఆవగింజంత తెల్ల టేపు ముక్క అంటించుకున్నాను. తేడా కొద్దిపాటిదే అయితే పికప్‌ల ఎత్తును స్క్రూతో కాస్త దించడమో, ఎత్తడమో చాలు. బి తీగ వైపు, జి తీగ వైపు విడివిడిగా సరిచేసుకోవచ్చు గనుక, తీగల మధ్య సమతూకం కూడా అక్కడే కుదురుతుంది.

బరువులో బ్యాకప్ మొదటిదానికంటే తేలికైనా ఇబ్బంది లేదు, ముందుకు మొగ్గకూడదు. ఐదు ట్యూనింగ్ మీటలు మోసే హెడ్‌స్టాక్ బరువుకు నెక్ నేలవైపు జారిపోయే బేస్‌లు చాలానే ఉన్నాయి. ఇది కుర్చీలో కూర్చుని చూస్తే తెలియదు. స్ట్రాప్ తగిలించుకుని నిలబడి, రెండు చేతులూ వదిలేసి చూడండి. నెక్ దిగిపోతుంటే దాన్ని మోసే పని కచేరీ అంతా మీ ఎడమచేతిదే అవుతుంది. స్ట్రాప్ ఊడకుండా పట్టి ఉంచే స్ట్రాప్ లాక్‌ల సంగతి చాలామందికి చివరి నిమిషంలో గాని గుర్తురాదు. ఒక కంపెనీ స్ట్రాప్ లాక్ మరో కంపెనీ బొత్తానికి పట్టకపోవచ్చు. రెండు బేస్‌లకూ ఒకే రకం బొత్తాలు వేయించడం గాని, బ్యాకప్‌కు సొంత స్ట్రాప్‌ను అదే పొడవులో బిగించి ఎప్పుడూ దానికే ఉంచడం గాని చేయండి. రెండో పద్ధతి నాకు నచ్చుతుంది.

బ్యాకప్ మీద మొదటిదాని మీద పెట్టినంత డబ్బు పెట్టనవసరం లేదు. అయితే ఎక్కడ తగ్గించుకోవచ్చో తెలిసి తగ్గించుకోవాలి. అరుదైన చెక్క, మెరుగు, పొదుగుడు పని, బ్రాండు పేరు వీటిలో ఎంత తగ్గినా వాయించడంలో తేడా రాదు. పికప్‌లు, జాక్, వాల్యూమ్ మీటలు, ట్యూనింగ్ మీటలు అన్నీ తరువాత మార్చుకోగలిగినవే. తేలిగ్గా మార్చుకోలేనిది నెక్. వాడిన బేస్ కొనేటప్పుడు నెక్ మీద పడినంత చూపు మరి దేనిమీదా పడనక్కరలేదు. బి తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు ఎంతుందో మరొకరిని చూడమనండి. పావు నుంచి అర మిల్లీమీటరు లోపు ఉంటే బాగున్నట్లు. మరీ ఎక్కువుంటే నెక్ లోపలి ఉక్కు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌తో సరిచేయవచ్చు. కాని ఆ రాడ్ ఇంకా తిరుగుతుందో లేదో, పూర్తిగా బిగిసిపోయిందో అమ్మేవారి ఎదుటే పావు చుట్టు తిప్పించి చూడండి. బాడీ వైపు నుంచి నెక్ వెంబడి చూపు సారించినప్పుడు, బి వైపు అంచూ జి వైపు అంచూ ఒకే తీరుగా సాగాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి మెలి తిరిగినట్లు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా నమస్కారం పెట్టి బయటకు రావడమే. చివరగా జి తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ వరకు ఒక్కో స్వరాన్నీ మీటి ఎంతసేపు నిలుస్తున్నదో వినండి. స్వరం ఎత్తుకున్నట్టే ఎత్తుకుని చప్పున చచ్చిపోయే చోటు చాలా బేస్‌లలో అక్కడే ఉంటుంది.

హెడ్‌స్టాక్ లేని హెడ్‌లెస్ బేస్‌లు తేలికగా, పెట్టెలో చిన్నగా ఇమిడిపోతాయి గనుక బ్యాకప్‌కు భలేగా అనిపిస్తాయి. అయితే వాటిలో కొన్నిటికి రెండు చివరలా గుండు ఉండే ప్రత్యేకమైన తీగలే పడతాయి. దూరప్రయాణంలో తీగ తెగితే అవి దొరకవు. మొదటి బేస్‌కు వేసే తీగల కట్టే రెండోదానికీ పనికిరావాలన్నది నేను ఎప్పుడూ సడలించని షరతు.

కింది స్వరాల అవసరం ఏ రెండు మూడు పాటలకో పరిమితమైనవారు ఇంట్లో ఉన్న నాలుగు తీగల బేస్‌కే బి, ఇ, ఎ, డి అని మందమైన తీగలు వేసి, నట్ గాళ్లను వెడల్పు చేయించుకుని బ్యాకప్‌గా వాడుకోవచ్చు. జి తీగ ఉండదు గాని చిట్టచివరి కొన్ని తప్ప దాని స్వరాలన్నీ డి తీగ మీద పై ఫ్రెట్లలో దొరుకుతాయి. వేళ్ల లెక్క మారుతుంది కనుక ఇది రాజీయే.

కొన్న తరువాత పని సగమే అయినట్లు. కాగితం మీద రాసుకున్న అంకెలను ఇప్పుడు మళ్లీ తీసి, కొత్త బేస్ మీద తీగల ఎత్తును మొదటిదానితో సమానం చేయించండి. జి తీగకు రెండు మిల్లీమీటర్లు, బి తీగకు రెండున్నర లేదా కాస్త పైన అనేది చాలామందికి నప్పే ఎత్తు, కాని ఇక్కడ కావలసింది నలుగురికీ నప్పేది కాదు, మీ మొదటి బేస్‌కు ఉన్నది. కొత్త తీగలు వేసిన రోజునే పెట్టెలో పెట్టేయకండి. సాగి నిలబడేదాకా వారం రోజులు వాయించండి. ప్రతి నాలుగో సాధనకు మొదటి బేస్‌ను ఇంట్లో వదిలి దీనితోనే వెళ్లండి. కచేరీ రోజున దీన్ని పెట్టెలో ఉంచకుండా, కనీసం అరగంట ముందే వేదిక గాలికి అలవాటుపడేలా స్టాండు మీద నిలిపి శ్రుతి చేయండి, ఎందుకంటే చలి గది నుంచి వేడి లైట్ల కిందికి వచ్చిన నెక్ కొద్దిసేపటిలోనే శ్రుతిని లాగేస్తుంది.

మార్చే పద్ధతిని కూడా ముందే అభ్యాసం చేయాలి. ట్యూనర్ పెడల్‌ను తొక్కి శబ్దం ఆపడం, కేబుల్ తీయడం, మొదటి బేస్ దించడం, రెండోది తగిలించుకోవడం, కేబుల్ గుచ్చడం, శబ్దం ఆగి ఉండగానే బి తీగను, ఇ తీగను మాత్రం సరిచూసుకోవడం, ఆ తరువాతే పెడల్‌ను మళ్లీ తొక్కడం: ఇదీ వరుస. మిగతా మూడు తీగలూ ఆ పాట అయ్యేదాకా ఆగగలవు. గడియారం పెట్టుకుని నాలుగైదు సార్లు చేసి చూస్తే, మొదట నిమిషం పట్టినది ఇరవై సెకన్లకు దిగుతుంది.